మైలేజీ 16 నుంచి 12.6కి పడింది: తప్పు చలికాలపు పెట్రోలుదా, బిగించిన సామానుదా?

నాలుగుచక్రాలు (#1)

1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేర్లు. ఎండాకాలంలో, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నప్పుడు లీటరుకి 16.0 కి.మీ. ఇప్పుడు 12.6. మధ్యలో మారినవి ఇవీ: టైర్లు 185/65 ఆర్15 నుంచి 195/65 ఆర్15కి, పైన క్యారియర్, దాని మీద సామాన్ల బాక్సు, ముందు ఇనప గార్డు (40 కిలోలు). ఈలోగా బంకుల్లో చలికాలపు పెట్రోలు కూడా వచ్చేసింది. బయట 3 డిగ్రీలు. ఎక్కువగా హైవే, 90–100 వేగం. అంతా పెట్రోలు మహిమేనని అడిగిన ప్రతివాళ్లూ అంటున్నారు. ఐదో వంతు మైలేజీని పెట్రోలు ఒక్కటే మింగేస్తుందా?

బండిలెక్క (#2)

పెట్రోలు సంగతి తర్వాత. ముందు మీ మీటరు నిజం చెబుతోందా లేదా చూద్దాం.

185/65 ఆర్15: పక్కగోడ ఎత్తు వెడల్పు 185లో 65 శాతం, అంటే 185 × 0.65 = 120.25 మి.మీ. రెండు వైపులా కలిపి 240.5, రిమ్ము 15 అంగుళాలు అంటే 381, మొత్తం వ్యాసం 621.5 మి.మీ.
195/65 ఆర్15: పక్కగోడ 126.75, రెండు వైపులా 253.5, మొత్తం 634.5 మి.మీ.

634.5ని 621.5తో భాగిస్తే 1.021. చక్రం పెద్దదైంది, చుట్లు తగ్గాయి, మీటరు లెక్కబెట్టేది చుట్లనే. మీటరు 100 అన్నప్పుడు బండి నిజంగా 102.1 కి.మీ. వెళ్లింది. అంటే మీ 12.6 అసలు 12.86. ఏ ఖర్చూ లేకుండా లీటరుకి పావు కిలోమీటరు వెనక్కి వచ్చినట్టే.

ఒకటి గుర్తుంచుకోండి. 205/55 ఆర్16 వేసినా వ్యాసం 631.9 వస్తుంది, 1.7 శాతం తేడా. 195/55 ఆర్16 అయితే 620.9, పాతదానితో దాదాపు సమానం. రిమ్ము మార్చేవాళ్లు ఈ కూడిక చేశాకే కొనాలి.

ఇంకో ప్రశ్న. 12.6 ఒక్క ట్యాంకు లెక్కా, ఎన్ని ట్యాంకులదా? డాష్‌బోర్డు తెర చూపించే సగటు అయితే అది అసలు లెక్కలోకే రాదు.

నాలుగుచక్రాలు (#3)

ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు, నాలుగుసార్లు. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాను. తెర 13.4 అంటోంది, దాన్ని పట్టించుకోలేదు.

రిఫైనరీవాసన (#4)

లెక్క సరైన పద్ధతిలోనే ఉంది. ఇక పెట్రోలు.

మండేది ద్రవం కాదు, ఆవిరి. చల్లటి ఇంజనులో పెట్రోలులోని తేలిక భాగాలే ముందు ఆవిరవుతాయి. అవి సరిపడా లేకపోతే పొద్దున్నే ఇంజను అంటుకోదు. అందుకని చలికాలంలో రిఫైనరీలు బ్యూటేన్ అనే తేలిక భాగాన్ని ఎక్కువ కలుపుతాయి. దాని మరిగే స్థానం మైనస్ 0.5 డిగ్రీలు, పైగా చవక. ఎండాకాలంలో అదే బ్యూటేన్ ట్యాంకులోంచి ఆవిరై గాలిలో కలుస్తుంది కాబట్టి అప్పుడు కోత పెడతారు. అమెరికాలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా బంకుల్లో అమ్మే పెట్రోలు ఆవిరి పీడనం (ఎంత తేలిగ్గా ఆవిరవుతుందో చెప్పే కొలత) సాధారణంగా 9.0 పీఎస్ఐ దాటకూడదు, కొన్ని ప్రాంతాల్లో 7.8. చలికాలంలో అది 15 దాకా పోవచ్చు.

మరి మైలేజీ ఎందుకు తగ్గుతుంది? బ్యూటేన్‌లో శక్తి తక్కువని చాలామంది రాస్తారు. కిలో లెక్కన చూస్తే తక్కువేమీ కాదు, పెట్రోలు కంటే కాస్త ఎక్కువే. కానీ అది తేలిక, లీటరు సుమారు 580 గ్రాములే తూగుతుంది. మామూలు పెట్రోలు 740 దాకా ఉంటుంది. మనం కొనేది కిలోల్లో కాదు, లీటర్లలో. అక్కడ పోతుంది. మొత్తం మీద చలికాలపు పెట్రోలులో శక్తి ఎండాకాలపు దానికంటే సుమారు 1.7 శాతం తక్కువ.

అంతే. 1.7. మీ 20 శాతంలో దాని వాటా అది.

ఇథనాల్ వేరే సంగతి. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. 10 శాతం కలిపితే 3 శాతం పైచిలుకు పోతుంది, 20 కలిపితే లెక్క ప్రకారం 6–7. అది కాలాన్ని బట్టి కాక పంపును బట్టి మారుతుంది. రెండు లెక్కల మధ్య బంకు మార్చి ఉంటే ఇథనాల్ శాతం ముందు చూసుకోండి.

పాతకార్బురేటర్ (#5)

ఇంత పుస్తకం ఎందుకండీ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది. తీసి కాటన్ ఫిల్టర్ వెయ్యండి, సైలెన్సర్ ఫ్రీ ఫ్లోది (పొగకి అడ్డం తక్కువ ఉండేది) పెట్టండి, ఇంజను ఊపిరి పీల్చుకుంటుంది. మైలేజీ అదే వస్తుంది.

టార్క్‌రెంచ్ (#6)

కార్బురేటర్ బండికి మీ మాట సగం నిజం గారూ. అక్కడ ఫిల్టర్ మూసుకుంటే గాలి తగ్గుతుంది, పెట్రోలు తగ్గదు, మిశ్రమం చిక్కబడుతుంది. ఇంజెక్షన్ బండిలో అలా కాదు. లోపలికి వచ్చిన గాలిని సెన్సర్ కొలుస్తుంది, దానికి తగ్గ పెట్రోలునే ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటరు) వదులుతుంది. ఫిల్టర్ మురికిదైతే మీ కాలు యాక్సిలరేటర్‌ని ఇంకాస్త తొక్కుతుంది, థ్రాటిల్ (గాలి లోపలికి వెళ్లే దారి తలుపు) ఇంకాస్త తెరుచుకుంటుంది. పికప్ తగ్గుతుంది, మైలేజీ దాదాపు అలాగే ఉంటుంది. ఫిల్టర్ మార్చడం మంచిదే, కానీ దానికి ఆశించాల్సిన ఫలం మైలేజీ కాదు.

కాటన్ ఫిల్టర్‌తో వచ్చే అసలు తంటా నూనె. ఉతికాక నూనె ఎక్కువ పట్టిస్తే ఆ తుంపర వెళ్లి గాలి కొలిచే సెన్సర్ సన్న తీగ మీద అంటుకుంటుంది. దాంతో కొలత తప్పుతుంది. దానికోసమే అమ్మే స్ప్రేతో కడగాలి, తీగను వేలితోగానీ బట్టతోగానీ ముట్టకూడదు. కార్బురేటర్ క్లీనర్ కొట్టారో, సెన్సర్‌కి తద్దినమే.

ఫ్రీ ఫ్లో బిగించేటప్పుడు జరిగే పొరపాటు కూడా చెప్తాను. ఇంజను నుంచి మొదటి ఆక్సిజన్ సెన్సర్ దాకా ఉన్న గొట్టంలో ఎక్కడైనా గాస్కెట్ (అతుకు దగ్గర లీకు ఆపే పట్టీ) సరిగా కూర్చోకపోతే, పొగ బయటికి రావడమే కాదు, పొగ తరంగాల మధ్య బయటి గాలి లోపలికి కూడా పీలుస్తుంది. సెన్సర్‌కి ఆక్సిజన్ ఎక్కువ కనిపిస్తుంది. 'పెట్రోలు చాలట్లేదు' అనుకుని ఈసీయూ ఇంకా పోస్తుంది. మైలేజీ కోసం పెట్టిన సైలెన్సర్ మైలేజీనే తింటుంది. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి బానెట్ కింద టిక్ టిక్ చప్పుడు వింటే చాలా సార్లు అక్కడే దొరుకుతుంది.

గాలిగోపురం (#7)

ఇక పైన ఉన్న బాక్సు.

గాలి అడ్డం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 50 నుంచి 100కి వెళితే అడ్డం రెండింతలు కాదు, నాలుగింతలు. ఊళ్లో తిరిగేటప్పుడు బాక్సు దాదాపు కనిపించదు. హైవే మీదే అది బిల్లు వేస్తుంది. అమెరికా ఇంధన శాఖ అంకెలు: రూఫ్ బాక్సుతో ఊళ్లో 2–8 శాతం, హైవే మీద 6–17, గంటకి 105–120 కి.మీ. వేగంలో 10–25 శాతం నష్టం. అదే సామాను వెనక తగిలించిన బాక్సులో పెడితే ఊళ్లో 1–2, హైవే మీద 1–5.

చలికాలం ఇక్కడ రెండోసారి దెబ్బ కొడుతుంది. ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు. 30 డిగ్రీల్లో ఘనపు మీటరు గాలి 1.164 కిలోలు, 0 డిగ్రీల్లో 1.293. అంటే బండి తోసుకుంటూ పోవాల్సిన గాలే 11 శాతం బరువెక్కింది. 100 వేగంలో బండి చేసే పనిలో సగం పైన గాలిని తొయ్యడమే కనుక, ఏ మార్పూ లేని కారుకి కూడా ఇంజను మీద 5–6 శాతం అదనపు పని పడుతుంది. ఆ నింద పెట్రోలు మోస్తోంది.

బాక్సు తీసినప్పుడు అడ్డకడ్డీలు కూడా తీసెయ్యండి. గుండ్రటి కడ్డీలు, చదరపు కడ్డీలు మరీ చెడ్డవి. గాలి ఈల వేస్తోందంటే అది మీ పెట్రోలు వేస్తున్న ఈలే.

టార్క్‌రెంచ్ (#8)

టైర్లలో గాలి చలిలో ఎప్పుడు చూశారు? 30 డిగ్రీల్లో 33 పీఎస్ఐ కొట్టించి వదిలేస్తే 0 డిగ్రీల పొద్దుటికి అది 28.3 అవుతుంది. వాతావరణ పీడనం 14.7 కలిపి 47.7, దాన్ని 273తో గుణించి 303తో భాగించి, మళ్లీ 14.7 తీసేస్తే వచ్చేది అదే. పంచరు అక్కర్లేదు, దొంగతనం అక్కర్లేదు. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్ఐ తగ్గితే సుమారు 0.2 శాతం చొప్పున, దాదాపు 1 శాతం పోయినట్టు. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, డోరు ఫ్రేము మీది స్టిక్కరు చూసి కొట్టించండి. టైరు గోడ మీద రాసి ఉండే అంకె గరిష్ఠ పీడనం, అది మీకు కావాల్సింది కాదు.

పొగమంచు (#9)

మధ్యలో దూరుతున్నా. డీజిల్‌కీ ఇదే లెక్కా?

రిఫైనరీవాసన (#10)

కాదు, అక్కడ సమస్య తలకిందులు. డీజిల్లో మైనం ఉంటుంది, చలికి అది గడ్డకట్టి ఫిల్టర్ మూసేస్తుంది. అందుకని చలికాలపు డీజిల్ తేలిక చేస్తారు, కిరోసిన్ రకం భాగాలు పెంచుతారు. లీటరు బరువు తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. దానికి తోడు చిన్న చిన్న ప్రయాణాల్లో పొగ ఫిల్టర్ తొందరగా నిండి, దాన్ని కాల్చి శుభ్రం చేసుకునే పని ఎక్కువసార్లు జరుగుతుంది, ప్రతిసారీ అదనంగా డీజిల్ పడుతుంది. మధ్యలో ఇంజను ఆపేస్తే మళ్లీ మొదటికి. ఈ బాధ పడలేక ఫిల్టర్ పీకేసి రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రాము మార్పించడం) చేయించేవాళ్లున్నారు. చాలా దేశాల్లో అది నేరం. నా సలహా అడిగితే వద్దు.

బండిలెక్క (#11)

ఇప్పుడు పంచుదాం. నష్టాలను కూడకూడదు, గుణించాలి.

పెట్రోలు 0.983
బాక్సు 0.92 (హైవే 90–100కి మధ్యస్థంగా)
చలి: బరువెక్కిన గాలి, ఇంజను వేడెక్కే సమయం, చిక్కటి ఆయిలు అన్నీ కలిపి 0.94
టైర్లలో గాలి 0.99
ఇనప గార్డు 0.99 (45 కిలోలకి 1 శాతం లెక్కన)

అన్నీ గుణిస్తే 0.833. 16ని దానితో గుణిస్తే 13.33. మీ నిజమైన అంకె 12.86. అంటే ఇంకో 3.5 శాతానికి లెక్క దొరకలేదు. పైన వేసినవి అంచనాలే, ఒక్కోటి ఒకటి రెండు శాతం అటూ ఇటూ కావచ్చు, కాదనను. అయినా అన్నీ ఒకేవైపు తప్పాయని అనుకునే ముందు బండిలో జబ్బు ఏమన్నా ఉందేమో చూడటం మేలు.

ఓబీడీకేబుల్ (#12)

ఆ 3.5 వెతకడానికి స్పానర్ అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటరు అంకెలు చదివే సాకెట్) చవక బ్లూటూత్ అడాప్టర్ ఒకటి పెట్టి, ఫోను యాప్‌లో మూడు అంకెలు రాసి పెట్టండి:

1. కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత. ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజను తిరుగుతున్నప్పుడు) ఒకటి, హైవే మీద 90లో పది నిమిషాలు పోయాక ఒకటి.
2. లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్, అంటే ఈసీయూ తన లెక్క మీద పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో. ప్లస్ మైనస్ 5 లోపల ఉంటే మామూలే, 10 దాటితే ఏదో ఉంది. ఇథనాల్ 10 నుంచి 20కి మారినా ఇది 4 దాకా పైకి జరుగుతుంది, అప్పుడు కంగారు పడక్కర్లేదు.
3. లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత.

డాష్‌బోర్డు ముల్లును నమ్మకండి. కొత్త బండ్లలో చాలావాటికి ఆ ముల్లు ఇంజను కొంచెం చల్లగా ఉన్నా, కొంచెం వేడిగా ఉన్నా మధ్యలోనే నిలబడుతుంది. డ్రైవరు కంగారు పడకుండా కావాలనే అలా చేస్తారు.

నాలుగుచక్రాలు (#13)

చూశాను. బయట 3 డిగ్రీలు.
ట్రిమ్: +3.1
లోపలి గాలి: 9 డిగ్రీలు
కూలెంట్: ట్రాఫిక్‌లో ఐడిల్ మీద 86. హైవే 90లో 67. డాష్‌బోర్డు ముల్లు రెండుసార్లూ సరిగ్గా మధ్యలో. లైటేమీ వెలగలేదు.

ఓబీడీకేబుల్ (#14)

దొరికింది. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తెరుచుకుని ఉండిపోయింది.

వేగం పెరిగేకొద్దీ ఇంజను చల్లబడటమే దాని గుర్తు. ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కి గాలి తగలదు కనుక 86కి ఎక్కింది. పరుగెత్తగానే కూలెంటంతా రేడియేటర్‌లోంచి తిరిగి 67కి దిగిపోయింది. మీ హీటర్ కూడా హైవే మీద గోరువెచ్చగానే వస్తూ ఉండాలి. పీ0128 అనే కోడ్ దీనికోసమే ఉంది, కానీ అది పడాలంటే కొన్ని షరతులు కుదరాలి. కోడ్ లేదని జబ్బు లేదనుకోకూడదు.

ట్రిమ్ ఎందుకు బాగుందనే అనుమానం రావచ్చు. మిశ్రమం సరిగానే ఉంది, నష్టం వేరేచోట. ఆయిలు చిక్కగానే ఉండి రాపిడి పెరుగుతుంది. వేడెక్కేదాకా ఎక్కువ పెట్రోలు పోసే దశ సాగుతుంది. కొన్ని బండ్లలో కూలెంట్ నిర్ణీత వేడికి చేరేదాకా, కాలు తీసినప్పుడు పెట్రోలు పూర్తిగా ఆపే ఏర్పాటు పనిచేయదు.  ఎండాకాలంలో ఇదే బండి ఇదే జబ్బుతో తిరిగినా తెలియదు. చలి దాన్ని బయటపెట్టింది.

టార్క్‌రెంచ్ (#15)

మార్చే పద్ధతి. ఇంజను పూర్తిగా చల్లారాక మాత్రమే. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తిప్పితే ముఖం కాలుతుంది.

రేడియేటర్ కింది ప్లగ్గు వదులు చేసి రెండు మూడు లీటర్లు శుభ్రమైన గిన్నెలోకి దించండి. థర్మోస్టాట్ గూడు మీద చాలా కార్లలో రెండు ఎమ్6 బోల్టులు. పాతది తీసేటప్పుడు అది ఎటు తిరిగి ఉందో ఫోటో తీసుకోండి. స్ప్రింగు వైపు ఇంజనులోకి, చిన్న గాలి రంధ్రం పై వైపుకి ఉండాలి. రంధ్రం కిందికి పెడితే గాలి బుడగ లోపల చిక్కుతుంది, తర్వాత కొత్త థర్మోస్టాటే పాడైందని తిట్టుకుంటారు.

కొత్తదాన్ని బిగించే ముందు పరీక్షించండి. దారంతో కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీయండి, అడుగుకి తగలకూడదు. థర్మామీటరు పెట్టి వేడి చేయండి. దాని మీద 82 అని ఉంటే ఆ దరిదాపుల్లో కదలడం మొదలుపెట్టి, ఇంకో పది పదిహేను డిగ్రీలకి పూర్తిగా తెరుచుకోవాలి. పాతదాన్ని కూడా అదే గిన్నెలో వేసి చూడండి. చల్లటి నీళ్లలోనే సన్నటి సందు కనిపిస్తే రోగం ఖాయం.

గాస్కెట్ కొత్తదే వాడండి. బోల్టులు 8–10 న్యూటన్ మీటర్లు, మాన్యువల్ అంకె వేరేగా ఉంటే అదే వేదం. గూడు అల్యూమినియమో ప్లాస్టిక్కో అయి ఉంటుంది, బలం చూపిస్తే మరలు పోతాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. మూత తీసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచితే బుడగలు పోతాయి. మర్నాడు పొద్దున మట్టం చూసి తగ్గినంత పోయండి.

ఒకేరోజు బాక్సు కూడా తీసెయ్యకండి. ఏది ఎంత తిన్నదో తేలదు.

స్పీడ్‌బ్రేకర్ (#16)

పెట్రోలు గొట్టానికి అయస్కాంతం కట్టే పరికరం గురించి ఎవరూ చెప్పలేదే?

రిఫైనరీవాసన (#17)

అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి మైలేజీ పరికరాలను వందకు పైగా పరీక్షించింది. పనిచేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటి ఫలితమూ అంతంత మాత్రమే. అయస్కాంతం ఫ్రిజ్ తలుపుకి బాగుంటుంది.

పాతకార్బురేటర్ (#18)

అదనపు లైట్లు మాట ఎవరూ ఎత్తలేదు. ఇనప గార్డు మీద అందరూ ఫాగ్ లైట్లు పెడతారు.

బండిలెక్క (#19)

మంచి మాట. 100 వాట్లకి లెక్క చూడండి. ఆల్టర్నేటర్ 55 శాతం పనితనంతో తయారు చేస్తుందనుకుంటే బెల్టు మీద 180 వాట్లు కావాలి. ఇంజను పనితనం 25 శాతం అనుకుంటే పెట్రోలు వైపు సుమారు 720 వాట్లు. లీటరు పెట్రోలులో 8.9 కిలోవాట్ అవర్లు ఉంటాయి. గంటకి 0.08 లీటరు. హైవే మీద గంటకి ఆరేడు లీటర్లు తాగే బండికి ఒక శాతం పైచిలుకు. వెనక అద్దం హీటరు, సీటు హీటర్లు కూడా ఇదే ఖాతాలో పడతాయి. ఆపకపోతే అద్దం మీద మంచు కరిగాక కూడా అవి పనిచేస్తూనే ఉండొచ్చు.

నాలుగుచక్రాలు (#20)

పాత థర్మోస్టాట్ చల్లటి నీళ్లలో సుమారు 2 మి.మీ. తెరుచుకునే ఉంది. కొత్తది బిగించాక హైవే మీద కూలెంట్ 88–90. టైర్లు స్టిక్కరు ప్రకారం 33. లైట్లు లేవు, గార్డు ఒక్కటే.

బాక్సుతో రెండు ట్యాంకులు: మీటరు 1,012 కి.మీ., నిజంగా 1,033. పెట్రోలు 76.9 లీటర్లు. లీటరుకి 13.44.

బాక్సు, కడ్డీలు తీసేశాక మూడు ట్యాంకులు: మీటరు 1,498, నిజంగా 1,529. పెట్రోలు 105.6 లీటర్లు. 14.48.

వాతావరణం 1 నుంచి 6 డిగ్రీల మధ్యే ఉంది. బంకు అదే, పంపు అదే.

గాలిగోపురం (#21)

బాక్సు ఖర్చు 7.2 శాతం తేలింది. 8 అని వేసిన అంచనా కాస్త కఠినం. విడివిడి ట్యాంకుల అంకెలు ఎలా ఉన్నాయి?

నాలుగుచక్రాలు (#22)

చివరి మూడూ 13.9, 14.9, 14.6.

బండిలెక్క (#23)

అదీ సంగతి. బండిలో ఏమీ మారకుండానే ట్యాంకు ట్యాంకుకి ఒక కిలోమీటరు తేడా. పంపు గన్ ఒకసారి ముందే టక్కుమంటుంది, ఒకసారి గొంతుదాకా నింపుతుంది. 35 లీటర్ల ట్యాంకులో లీటరు అటూ ఇటూ అయితే 3 శాతం పోయింది. ఒక్క ట్యాంకు చూసి 'ఆ బంకు పెట్రోలు బాగుంది' అనేవాళ్లు ఈ మూడు అంకెలూ చూడాలి. ఎప్పుడూ మొదటి టక్కుకే ఆపండి, రెండోసారి నొక్కకండి.

థర్మోస్టాట్, టైర్లలో గాలి కలిపి 12.86 నుంచి 13.44కి, నాలుగున్నర శాతం లాభం. ఇప్పుడు మీరున్న 14.48కి, పాత 16కి మధ్య మిగిలింది గార్డు, చలి, పెట్రోలు. గార్డు రేడియేటర్ ముందు గాలిని ఎంత చెదరగొడుతోందో విప్పి చూస్తేగానీ తెలియదు.

నాలుగుచక్రాలు (#24)

గార్డు విప్పను, అది ఉండాలి. ఎండాకాలపు పెట్రోలు వచ్చాక లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలి?

రిఫైనరీవాసన (#25)

బంకులో కొత్త పెట్రోలు వచ్చిన రోజు కాదు. మీ ట్యాంకులో పాతది, బంకు భూగర్భ ట్యాంకులో పాతది కలిసే ఉంటాయి. కాలం మారాక మూడు ఫుల్ ట్యాంకులు వదిలేసి నాలుగోదాని నుంచి రాయండి. అప్పటికి పగటి ఉష్ణోగ్రత కూడా నిలకడగా ఉండాలి. లేదంటే గాలి బరువు తగ్గిన లాభాన్ని కూడా పెట్రోలు ఖాతాలోనే వేస్తారు. ఆ రోజు టైర్లలో గాలి మళ్లీ చూసుకోండి, ఇప్పుడు చలిలో కొట్టించిన 33 అప్పటికి 37 దాటి ఉంటుంది.